కోత లేని నెలల్లో ఏం తింటారు? నెగ్రోస్ చెరకు సీమలో ఆరు రోజులు

మాది చోడవరం దగ్గర ఒక ఊరు. చిన్నప్పుడు సంక్రాంతి వెళ్ళిందంటే ఊరంతా బెల్లం వాసనే. గానుగ ఆడే రోజు బడి మానేసి పెనం పక్కనే కూర్చునేవాళ్ళం, పాకం తీసి చెరకు ముక్క మీద పోసి ఇచ్చేది మా నాయనమ్మ. అందుకే మా పిన్ని కొడుకు దావావోలో మెడిసిన్ చదువుతూ "అక్కా, ఒకసారి ఫిలిప్పీన్స్ రా, బీచ్‌లు చూపిస్తా" అన్నప్పుడు, బీచ్‌లు తర్వాత చూద్దాం, చెరకు పండే చోటికి తీసుకెళ్ళు అన్నాను. వాడు వాళ్ళ సీనియర్లని అడిగి నెగ్రోస్ ఆక్సిడెంటల్ అని చెప్పాడు. ఆ దేశంలో తయారయ్యే చక్కెరలో సగానికి పైగా ఈ ఒక్క ప్రావిన్స్‌దేనట. 2025 ఫిబ్రవరిలో, కోతలు మంచి జోరు మీద ఉన్నప్పుడు వెళ్ళాం.

మొదటి రోజు

మనీలా నుంచి విమానం గంటకు కొంచెం పైన. దిగేముందు కిటికీలోంచి చూస్తే ఒక పక్క సముద్రం, ఇంకో పక్క కొండలు, మధ్యలో చదునైన నేల, ఆ నేల నిండా చెరకే. పచ్చగా కొన్ని మడులు, కోసేసి ఎర్రగా కొన్ని, చెత్త కాల్చి నల్లగా ఇంకొన్ని. ఎయిర్‌పోర్ట్ సిలాయ్ అనే ఊరి దగ్గర చెరకు పొలాల మధ్యే కట్టారు. బయటికొచ్చి రోడ్డెక్కామో లేదో ముందు చెరకు లారీ, వెనక చెరకు లారీ. లారీలోంచి జారిపడిన గెడలు రోడ్డు పక్కన నలిగి ఆ తీపి పులుపు వాసన. ఒక్క క్షణం నాకు కళ్ళు చెమర్చాయి, మా ఊరి రోడ్డే అనిపించింది.

నెగ్రోస్ ద్వీపం మొత్తం పదమూడు వేల చదరపు కిలోమీటర్ల పైచిలుకు, అంటే విభజనకు ముందు మన విశాఖ జిల్లా కంటే కాస్త పెద్దది. నిలువునా వెన్నెముకలా కొండల వరుస ఉంటుంది. దానికి పడమట, ఉత్తరాన ఉన్నది ఆక్సిడెంటల్, తూర్పున ఉన్నది ఓరియంటల్. పడమటి వైపు అగ్నిపర్వతపు బూడిద కలిసిన మంచి నేల, నవంబరు నుంచి ఏప్రిల్ దాకా పొడి వాతావరణం. చెరకులో తీపి దిగడానికి, కోతకి, లారీలు పొలంలోకి దిగడానికి ఇంతకంటే ఏం కావాలి. స్పెయిన్ వాళ్ళు రాకముందు ఈ ద్వీపం పేరు బుగ్లాస్. ఇక్కడి ఆతి అనే ఆదివాసులు నల్లగా ఉన్నారని స్పెయిన్ వాళ్ళు నెగ్రోస్ అని పెట్టారు, అదే ఉండిపోయింది.

రాత్రి ప్రావిన్స్ రాజధాని బకోలోద్‌లో చికెన్ ఇనసాల్ తిన్నాం. నిమ్మగడ్డి, వెనిగర్, కలమాన్సీ అనే చిట్టి నిమ్మ రసంలో నానబెట్టి, బొగ్గుల మీద కాలుస్తూ జాఫ్రా గింజల నూనె రాస్తూ ఉంటారు, ఆ ఎర్రని నూనెనే అన్నంలో కలుపుకోమన్నారు. కాలుస్తున్న ఆవిడ మమ్మల్ని చూసి "బుంబాయ్?" అంది. ఇండియా వాళ్ళందరినీ అక్కడ అలాగే పిలుస్తారు. బొంబాయి నుంచి వచ్చిన పేరు, ఆ మాట అంటే బైకుల మీద తిరిగి అప్పులిచ్చే పంజాబీ వాళ్ళే గుర్తొస్తారు, ఐదు ఇస్తే ఆరు కట్టాలి కాబట్టి ఆ అప్పు పేరే ఫైవ్-సిక్స్. నేను అప్పులవాళ్ళం కాదు, చెరకు రైతుల పిల్లలం అని తమ్ముడితో చెప్పించాను. ఆవిడ నవ్వి, తన తండ్రి కూడా చెరకు నరికేవాడేనని చెప్పింది. ఆ మాట మీదే నేను ఈ ప్రయాణమంతా అందరినీ అడిగిన ప్రశ్న మొదటిసారి అడిగాను. కోత లేని నెలల్లో ఏం తినేవాళ్ళు? ఆవిడ కాసేపు ఆగి "అరటికాయలు, కర్రపెండలం, ఉంటే ఉప్పు" అంది. ఇక్కడి భాషలో అన్నాన్ని కన్-ఓన్ అంటారు. ఆ నెలల్లో కన్-ఓన్ రోజుకి ఒక్క పూటేనట.

రెండో రోజు

సిలాయ్ ఊళ్ళో పాత బంగళాలు చాలా ఉన్నాయి. బాలాయ్ నెగ్రెన్సే అనే ఇంటిని మ్యూజియం చేశారు. చెక్క నేల అద్దంలా మెరుస్తోంది, కిటికీల కింద గాలి కోసం చిన్న తలుపులు, ఇంటి నిండా పడక గదులు. అది కట్టించినాయన తండ్రి ఈవ్ గాస్తోన్ అనే ఫ్రెంచివాడు, 1840ల్లో వచ్చి ఇక్కడ చెరకు సాగుకి, మిల్లుకి దారి వేసిన తొలి వాళ్ళలో ఒకడు.

అసలు మలుపు మాత్రం పక్క ద్వీపంలో జరిగింది. 1855లో ఇలోయిలో రేవుని విదేశీ వ్యాపారానికి తెరిచారు, ఆ మరుసటి ఏడాది నికొలస్ లోనీ అనే బ్రిటిష్ వైస్ కాన్సుల్ వచ్చాడు. ఆయన ఇంగ్లండ్ నుంచి చవక మిల్లు బట్ట దింపించాడు. ఇలోయిలోలో ఇంటింటా మగ్గాలుండేవి, అవి మూలపడ్డాయి. బట్ట తెచ్చిన ఓడలు ఖాళీగా వెళ్ళకూడదు కదా, చక్కెర కావాలి, దానికి ఇనప గానుగలు అప్పు మీద ఇచ్చారు. మగ్గాల డబ్బు, మనుషులు జలసంధి దాటి నెగ్రోస్ అడవులు నరికారు. మన చేనేత కథ తెలిసినవాళ్ళకి ఇది కొత్తగా చెప్పక్కర్లేదు. ఆ బంగళా బాగుందని అందరూ ఫొటోలు తీసుకుంటున్నారు, నిజంగా బాగుంది కూడా, కానీ నాకు ఆ మూలపడ్డ మగ్గాలే మనసులో తిరిగాయి.

మధ్యాహ్నం బేకరీలో పియాయా కొన్నాం. పల్చటి పిండి రొట్టెలో ముదురు బెల్లంపొడి కూరి, పైన నువ్వులు అద్ది, పెనం మీద కాల్చింది. బొబ్బట్టుకి చుట్టమే, శనగపప్పు లేదంతే. అక్కడే నాలుగు హెక్టార్ల చెరకు ఉన్న ఒక పెద్దాయన పరిచయమయ్యాడు. తమ్ముడు ఆయన్ని "మానొంగ్" అని పిలిచాడు, అంటే అన్నయ్య, మన దగ్గర ముక్కూ మొహం తెలియని పెద్దవాళ్ళని బాబాయ్ అన్నట్టు. ఆయన చెప్పింది వింటే నాకు చాలా ఆశ్చర్యం వేసింది. మన దగ్గర ఫ్యాక్టరీకి చెరకు తోలితే టన్నుకింత అని లెక్కకట్టి ఫ్యాక్టరీ డబ్బివ్వాలి, ఆ డబ్బు కోసం నెలల తరబడి తిరగడం మా నాన్నకి బాగా తెలుసు. ఇక్కడ రైతు చెరకుని మిల్లుకి అమ్మడు. మిల్లు ఆడించి పెడుతుంది, వచ్చిన చక్కెరలో రైతుకి దాదాపు మూడింట రెండు వంతులు, మిగతాది మిల్లుకి. రైతు వాటాకి కెదాన్ అనే కాగితం ఇస్తారు. గోదాములో నీ పేరు మీద ఇన్ని యాభై కిలోల బస్తాలు ఉన్నాయి అని. ఆ కాగితాన్ని వ్యాపారికి అమ్ముకుంటాడు. ధర బాగుంటే రైతుకి లాభమే, పడిపోతే దెబ్బ కూడా నేరుగా రైతుకే. "వారం వారం ధర చూసుకుంటూ బతకడం, గుండె ఆగిపోతుంది" అన్నాడాయన. మరి మీ కూలీలు కోత లేని నెలల్లో ఏం తింటారు అని అడిగితే, "బియ్యం అడ్వాన్స్ ఇస్తాను, కోతలో తగ్గించుకుంటాను" అన్నాడు. తప్పుగా ఏమీ అనిపించలేదు ఆయనకి, వాళ్ళ నాన్నా అలాగే ఇచ్చేవాడట.

మూడో రోజు

తెల్లవారుజామున ఐదింటికి బయల్దేరి, పెద్దాయన చెప్పిన ఒక హసియెండాకి వెళ్ళాం. హసియెండా అంటే ఎస్టేట్, ఒక్కోటి వందల ఎకరాలు. మంచు ఇంకా పోలేదు. పాతిక మంది దాకా అప్పటికే నరుకుతున్నారు. ఎండెక్కి ఉక్కపోసినా మొహానికి పాత టీషర్టు చుట్టుకుని కళ్ళు మాత్రమే కనిపించేలా, రెండేసి చొక్కాలు, చేతులకి సాక్సులు. చెరకాకు అంచు కోస్తే ఎలా మండుతుందో నాకు తెలుసు. ఎస్పాడింగ్ అనే వెడల్పాటి కత్తితో మొదట్లో ఒక దెబ్బ, గెడ వాలేలోపు ఆకు దూసి, కొస ఒక దెబ్బకి ఎగిరిపోతుంది. మా ఊళ్ళో కూడా నేలకి ఆనించి నరకాలి అంటారు, మొదట్లోనే తీపి ఎక్కువ, కార్శికి, అంటే కోసిన మోళ్ళ నుంచి మళ్ళీ పెరిగే పంటకి, పిలకలు కూడా బాగా వస్తాయి. ఇక్కడా అదే మాట చెప్పాడు మేస్త్రీ.

నేను ఎక్కువసేపు నిలబడి చూసింది మాత్రం లోడింగ్. లారీకి ఒక చెక్క పలక వాల్చి ఉంటుంది, అడుగు వెడల్పు ఉండదేమో, జారకుండా అడ్డంగా చిన్న బద్దలు కొట్టి ఉన్నాయి. ఒక మనిషి వంగి, ఇంకొకడు కట్ట ఎత్తి భుజం మీద పెడితే, చిన్న పరుగుతో ఆ పలక ఎక్కి, పైకి చేరగానే భుజం విదిలించి కట్ట పడేసి, వెనక్కి తిరక్కుండానే దిగిపోతాడు. ఎక్కేటప్పుడు పలక మధ్యలో కిందికి వంగుతుంది, ఆ వంగినప్పుడే అడుగు వేసి, అది లేచేటప్పుడు దాంతోపాటే పైకి లేస్తున్నాడు. ఒక కుర్రాడి భుజం మీద కట్ట ఆనే చోట చర్మం గట్టిపడి నల్లగా కాయ కాసి ఉంది. మా తమ్ముడు డాక్టరు చదువు కదా, వాడి మెడ దగ్గర చూసి "అక్కా, వీడికి ముప్పై కూడా ఉండవు, వెన్ను అరిగిపోతుంది" అన్నాడు మెల్లగా తెలుగులో.

కూలీల్లో రెండు రకాలు. ఎస్టేట్‌లోనే గుడిసెల్లో తరతరాలుగా ఉంటున్నవాళ్ళు దుమాన్. కోతల కోసం పక్క పనాయ్ ద్వీపంలోని ఆంతీకె లాంటి చోట్ల నుంచి ఓడల్లో వచ్చేవాళ్ళు సకాదా. మేస్త్రీ ముందే వాళ్ళ ఇళ్ళకి అడ్వాన్స్ ఇచ్చి తీసుకొస్తాడు, ఇక్కడ బియ్యం, సబ్బు అన్నీ ఎస్టేట్ కొట్లో ఖాతా, కోతలయ్యాక లెక్క చూస్తే చేతికి ఎంత మిగులుతుందో ఆ రోజు దాకా తెలియదు. పాలమూరు నుంచి, శ్రీకాకుళం నుంచి మేస్త్రీ వెంట వలస వెళ్ళేవాళ్ళ లెక్కా ఇంతే. కూలి రోజుకి కాదు, టన్నుకి. దాన్ని పాక్యావ్ అంటారు. గుత్త పని అన్నమాట. అందుకే పిల్లల్ని కూడా తెచ్చుకుంటారు సాయానికి.

మిల్లులు మే నెలలో ఆగిపోతాయి, మళ్ళీ సెప్టెంబరు, అక్టోబరుల్లోనే మొదలు. ఆ మధ్య కాలాన్ని స్పానిష్‌లో త్యెంపో ముయెర్తో అంటారు, చచ్చిన కాలం. ఏదో కలుపు, ఎరువు పని ఉంటుంది, అదీ కొందరికే. చుట్టూ ఇంత మంచి నేల ఉండి, ఏడాదంతా వానో ఎండో ఉండి, తినడానికి ఏమీ లేకపోవడం ఏమిటని నాకు అస్సలు మింగుడు పడలేదు. కానీ గుడిసె చుట్టూ చూశాను, గోడ దాకా చెరకే. మాకు చెరకు ఎకరంన్నరే ఉండేది, అయినా గట్టు మీద కందులు, పెరట్లో ఆనప పాదు, కింద మడిలో వరి ఉండేవి. బెల్లం ధర పడిన ఏడు కొత్త బట్టలు లేవు, కానీ అన్నం ఉంది. ఇక్కడ నేల వాళ్ళది కాదు, కాబట్టి గట్టు కూడా వాళ్ళది కాదు.

ఇది ఎంత ఘోరంగా తయారైందో 1980లలో ప్రపంచం చూసింది. అమెరికా ఈ చక్కెరకి ప్రత్యేక కోటా ఇచ్చేది, ఆ ఒప్పందం 1974తో అయిపోయింది. అదే ఏడాది ప్రపంచ మార్కెట్లో పౌను చక్కెర 60 సెంట్లు దాటింది, 1985కి మూడు సెంట్లకి దిగింది. యజమానులు చెరకు నాటడమే మానేశారు. లక్షల మంది కూలీలకి పని పోయింది. ఎముకలు తేలిన పిల్లల ఫొటోలు బయటికొచ్చాయి, అదీ వ్యవసాయం తప్ప ఇంకేమీ లేని సీమ నుంచి.

సాయంత్రం విక్టోరియాస్ మిల్లు కాలనీలో చర్చి చూశాం. మిల్లు 1919లో పెట్టింది, అప్పటి యజమానుల కుటుంబంలోనే పుట్టిన అల్ఫోన్సో ఒసోరియో అనే చిత్రకారుడు 1950లో లోపలి గోడ నిండా వేసిన బొమ్మ ఉంది. ఎర్రెర్రగా మండే గుండెతో, పెద్ద పెద్ద కళ్ళతో సూటిగా చూసే క్రీస్తు. అందరూ కోపిష్ఠి క్రీస్తు అంటారు. పొద్దున్న ఆ పలక ఎక్కుతున్న కుర్రాడిని చూసి వచ్చినదాన్ని కదా, ఆ కోపం నాకు సరైనదే అనిపించింది.

నాలుగో రోజు

దక్షిణానికి బాగో వెళ్ళాం. ఇక్కడ మాత్రం వరి. కాలవలు, కొంగలు, కారబావ్ అనే బురద గేదెలు, ఒక్కసారి కోనసీమలోకి వచ్చినట్టయింది.

1898 నవంబరు 5న బాగో నుంచి హువాన్ అరనేతా, ఉత్తరం నుంచి అనిసెతో లాక్సన్ జనాన్ని వెంటేసుకుని బకోలోద్ మీదికి నడిచారు. తుపాకులు లేవు. తాటి జాతి మట్టలని తుపాకుల్లా చెక్కి, వెదురు తడికలు చుట్టి నల్ల రంగేసి ఫిరంగుల్లా పెట్టారు. దూరం నుంచి చూసి స్పెయిన్ సైన్యం మరునాడు లొంగిపోయింది. ఎంత గొప్ప తెలివో! కానీ నాయకులిద్దరూ భూస్వాములే, నేల ఎవరి చేతిలో ఉందో వాళ్ళ చేతిలోనే ఉంది. కూలీల పక్షాన కన్లావోన్ అనే అగ్నిపర్వతం మీద నుంచి పోరాడినవాడు పాపా ఇసియో, చెరకు తీసేసి వరి వేయాలని ఆయన మాట. అమెరికా వాళ్ళొచ్చాక కూడా 1907 దాకా లొంగలేదు. నా ప్రశ్నకి జవాబు అప్పుడే చెప్పిన మనిషి ఆయన. బాగో కూడలిలో అరనేతా విగ్రహం పెద్దది ఉంది, పాపా ఇసియో గురించి మాత్రం దారిలో ఎవరినైనా అడిగితేనే చెప్పారు.

కన్లావోన్ దగ్గరికి వెళ్ళలేకపోయాం. 2024 జూన్ 3న ఒకసారి, డిసెంబరు 9న ఇంకోసారి పేలింది, బిలం చుట్టూ ఆరు కిలోమీటర్ల దాకా ఊళ్ళు ఖాళీ చేయించారు. లా కార్లోతా వైపు కొండ మీద తెల్లటి ఆవిరి నిలువుగా లేస్తోంది. శిబిరాల్లో ఉన్న రైతులు పగలు పొలం చూసుకుని రావడానికి అనుమతి కోసం ఎదురుచూస్తున్నారు. చెరకు కోతకొచ్చి నిలబడి ఉంది, నరకకపోతే తీపి తగ్గిపోతుంది, వాళ్ళ టెన్షన్ నాకు వేరే చెప్పక్కర్లేదు.

ఐదో రోజు

బకోలోద్ నుంచి దోన్ సాల్వదోర్ బెనెదిక్తో మీదుగా కొండెక్కి అటువైపు శాన్ కార్లోస్‌కి దిగాం. పైన చలి, పైన్ చెట్లు, రోడ్డు పక్కన అల్లం, కూరగాయలు అమ్మేవాళ్ళు. అరకు దారి గుర్తొచ్చింది.

దిగగానే ఒక వింత. ఇన్ని రోజులూ తమ్ముడు నాలుగు మాటలు, చేతి సైగలతో నెట్టుకొచ్చాడు, ఎందుకంటే వాడికి దావావోలో వార్డుల్లో రోగులతో మాట్లాడి వచ్చింది సెబువానో భాష, పడమటి వైపు మాట్లాడేది హిలిగాయ్నోన్. మెత్తగా, సాగదీస్తూ, లాలిపాటలా ఉంటుంది. శాన్ కార్లోస్ ఇదే ప్రావిన్స్ అయినా ముఖం సెబు ద్వీపం వైపు, భాష సెబువానో. మావాడు గలగలా మాట్లాడేస్తుంటే చూడాలి! ఒక కొండ వరుస భాషని కూడా ఇలా రెండుగా చీలుస్తుందని కళ్ళారా చూశాను.

ఇక్కడ చెరకుతో ఇథనాల్ చేసే ప్లాంటు ఉంది, 2014 నుంచి సోలార్ ప్లాంటు కూడా. వాటిని బయటి నుంచే చూసి, భూసంస్కరణలో పొలం వచ్చిన ఒక కుటుంబం దగ్గరికి వెళ్ళాం. 1988 చట్టం ప్రకారం యజమానికి ఐదు హెక్టార్లు, అర్హత ఉన్న ఒక్కో బిడ్డకి మూడు చొప్పున మిగిల్చి తక్కినది పంచాలి. వీళ్ళకి హెక్టారు దాకా వచ్చింది. పట్టా ఉంది కానీ ముచ్చెలకి (నాటే చెరకు ముక్కలకి), ఎరువుకి డబ్బు లేక మొదటి ఎనిమిదేళ్ళు మళ్ళీ ఇంకొకరికే కౌలుకిచ్చి తమ పొలంలోనే కూలి చేశారట. దాన్ని ఆర్యెందో అంటారు, చాలామంది అలాగే ఉన్నారు. పట్టా ఇచ్చి పెట్టుబడి ఇవ్వకపోతే పొలం తిరిగి పోతుందని మన అసైన్డ్ భూముల్లో ఎంతమందికి తెలియదు?

ఇప్పుడు వాళ్ళు సగంలో చెరకు, మిగతా సగంలో వంకాయ, బెండ, మొక్కజొన్న, అరటి వేస్తున్నారు. ఆ ఇంటావిడని నేను మానాంగ్ అని పిలిస్తే, అంటే అక్కా అని, మమ్మల్ని అన్నానికి కూర్చోబెట్టేసింది. కద్యోస్ వేసిన కూర. గిన్నెలో చూస్తే నల్లటి కందులు! పనసకాయ ముక్కలు, పంది మాంసం, పులుపుకి బత్వాన్ అనే కాయ. నేను మాంసం పక్కకి పెట్టి కందులు, పనస తిన్నాను, ఉప్పు పులుపు సరిగ్గా మా అమ్మ పనసకాయ కూర దగ్గరికొచ్చింది. ఆవిడని కూడా అడిగాను. జులైలో ఏం తింటారు? లేచి పెరట్లోకి తీసుకెళ్ళి కంది మొక్కలు చూపించింది. చెరకు గట్టు పొడుగునా వేసింది, మా ఇంట్లోలాగే.

ఆరో రోజు

ఉత్తరపు రోడ్డు మీదుగా వెనక్కి వచ్చాం. దారిలో ఎస్కలాంతె. 1985 సెప్టెంబరు 20న ఆకలితో, కోపంతో రోడ్డెక్కిన కూలీలు, రైతులు, విద్యార్థుల మీద ఇక్కడ కాల్పులు జరిగాయి, 20 మంది చనిపోయారు. కాసేపు ఆగి, ఏమీ మాట్లాడుకోకుండా బండెక్కాం.

ఆ ఆకలి రోజుల తర్వాతే 1987లో బకోలోద్‌లో ఆల్టర్ ట్రేడ్ అనే సంస్థ మొదలై, చిన్న రైతుల మస్కొవాడో అనే బెల్లంపొడి లాంటి చక్కెరని జపాన్ వినియోగదారులకి నేరుగా, న్యాయమైన ధరకి పంపడం మొదలుపెట్టింది, తర్వాత కొండ మీది అరటిపళ్ళు కూడా. మధ్యాహ్నం ఒక చిన్న మస్కొవాడో బట్టీకి వెళ్ళాం. వరసగా పెనాలు, కింద పిప్పి మంట, సున్నపు తేట వేసి మడ్డి తీయడం, అంతా మా గానుగే. తేడా ఒక్కచోటే. మనం పాకం దిమ్మ కట్టే పదునులో దించేస్తాం, వీళ్ళు ఇంకా ముదరనిచ్చి, చెక్క తొట్టిలో పోసి పారలతో ఆపకుండా తిప్పుతారు, చూస్తుండగానే ముద్ద విడిపోయి పొడి పొడిగా రాలుతుంది. నన్నూ తిప్పమన్నారు. రెండు నిమిషాలకే చేతులు లాగేశాయి, వాళ్ళు నవ్వుతూ పార తీసుకున్నారు. చివర్లో గీకిన వేడి పొడి అరచేతిలో పెట్టారు.

రాత్రి బకోలోద్‌లో వీధి గోడల మీద నవ్వే ముసుగుల బొమ్మలు కనిపించాయి. ప్రతి అక్టోబరులో జరిగే మస్కారా పండుగవి. 1980లో ఈ చక్కెర సీమ కష్టాల్లో ఉన్నప్పుడు, ఏప్రిల్‌లో దోన్ హువాన్ అనే ఓడ మునిగి ఈ సీమ వాళ్ళు ఎందరో పోయినప్పుడు, జనానికి కాస్త ధైర్యం రావాలని మొదలుపెట్టారట.

మస్కొవాడో రెండు కిలోలు ఇంటికి పట్టుకొచ్చాను. అమ్మ వేళ్ళతో నలిపి, నోట్లో వేసుకుని, "మంచి చెరకే, మడ్డి బాగా తీశారు, పాకం మాత్రం కొంచెం మాడింది" అంది. తర్వాత కద్యోస్ గురించి అడిగింది. ఆ నల్ల కందులు కొన్ని తెచ్చి ఉంటే విత్తనానికి పెట్టేదాన్ని కదా అని ఇప్పటికీ అంటూనే ఉంది.